మట్టి కప్పు పేలింది గాలిబుడగ వల్ల కాదు: గ్యాలరీ వర్క్‌షాపుల గురించి అపోహలు - వాస్తవాలు

ప్రదర్శన చూడ్డానికి వచ్చేవాళ్లకు మా గ్యాలరీ ముందు గదే తెలుసు. తెల్ల గోడలు, కుదురుగా వేలాడే ఫ్రేములు, పేరుచీటీలు. నేనుండేది వెనక గదిలో. అక్కడ నేలంతా మట్టి చారలు, సింక్ కింద బురద బకెట్, అరల మీద "ముట్టుకోవద్దు" అని చీటీ పెట్టినా ఎవరో ఒకరు ముట్టుకున్న కప్పులు. చాలా ఏళ్లుగా ఇక్కడ మట్టిపని, పెయింటింగ్ వర్క్‌షాపులు నడుపుతున్నాను, స్థానిక ఆర్టిస్టుల బొమ్మలు గోడకెక్కిస్తున్నాను. ముందు గది మాత్రమే చూసినవాళ్ల నోట కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వింటుంటాను. వాటి సంగతే ఇది.

అపోహ: రెండు గంటలు కూర్చుంటే కప్పు పట్టుకుని ఇంటికెళ్లొచ్చు

"ఈ రోజే ఇచ్చేస్తారు కదండీ?" ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరైనా అడుగుతారు. ఇవ్వం. మీ చేతిలో ఉన్నది ఇంకా కప్పు కాదు, కప్పు ఆకారంలో ఉన్న తడి మట్టి. నీళ్లలో వేస్తే మళ్లీ బురదైపోతుంది. అది నీడన మెల్లగా ఆరాలి. పిడి ముందే ఆరిపోయి ఒళ్లు ఇంకా తడిగా ఉంటే అతుకు దగ్గర చీలుతుంది. అందుకే పిడి మీద ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచుతాం. ఆరడానికే వారం పడుతుంది, ముసురు పట్టిన రోజుల్లో ఇంకా ఎక్కువ. తర్వాత సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర తొలి కాల్పు. దాంతో గట్టిపడుతుంది కానీ నీళ్లు పీలుస్తూనే ఉంటుంది. ఆపైన గ్లేజ్, అంటే కాలితే గాజులా మారే పూత, పూసి రెండోసారి కాలుస్తాం. స్టోన్‌వేర్ అనే రాయిలా గట్టిపడే రకం మట్టి అయితే ఈసారి వేడి 1200 డిగ్రీలు దాటాలి.

ఇంతా అయ్యేసరికి కప్పు పదో వంతు దాకా చిక్కిపోతుంది, కొన్ని రకాల మట్టి అయితే ఇంకాస్త ఎక్కువే. "ఇది నాది కాదండీ, నేను చేసింది పెద్దది" అని వాదించినవాళ్లున్నారు. కప్పు తిరగేసి అడుగున వాళ్లు గీసుకున్న పేరు చూపిస్తే గానీ నమ్మలేదు.

అపోహ: మట్టిలో గాలిబుడగ ఉంటే బట్టీలో పేలుతుంది

ఇది నేర్చుకునేవాళ్ల అపోహ మాత్రమే కాదు, నేర్పేవాళ్లది కూడా. నేనూ కొన్నేళ్లు ఇదే చెప్పాను.

వర్క్‌షాపులు మొదలుపెట్టిన కొత్తలో పిల్లల బ్యాచ్ ఒకటి ఏనుగులు చేసింది. పిల్లలు ఏనుగు చేస్తే బోలుగా చెయ్యరు, ముద్దకి ముద్దే. వారాంతంలో ప్రదర్శన ఉంది. పైకి పొడిగా, తెల్లగా కనిపించాయి కదా అని బట్టీలో పేర్చి వేడి గబగబా పెంచేశాను. గంటన్నరకి లోపల్నుంచి "ఠప్" మని ఒక చప్పుడు, కాసేపటికి ఇంకోటి. మర్నాడు మూత తీసి చూస్తే మూడు ఏనుగులు పెంకులైపోయాయి. ఆ పెంకులు తగిలి పక్కనున్న గిన్నెల అంచులు కూడా ఎగిరిపోయాయి. తల్లిదండ్రులకు "లోపల గాలిబుడగ ఉండిపోయిందండీ" అని చెప్పాను. తప్పు చెప్పాను. పిల్లల మీదకి నెట్టేశాను కూడా.

పేల్చింది గాలి కాదు, నీరు. నీరు ఆవిరైతే దాని పరిమాణం దాదాపు 1700 రెట్లు పెరుగుతుంది. మందమైన మట్టి ముద్ద నడుమ తడి మిగిలి ఉండగా వేడి 100 డిగ్రీలు దాటిస్తే, ఆ ఆవిరికి సన్నటి రంధ్రాల్లోంచి బయటపడే వ్యవధి ఉండదు. గోడ బద్దలు కొట్టుకుని వస్తుంది. అదే మట్టి పూర్తిగా ఆరి ఉంటే లోపల బుడగలున్నా కాలి చక్కగా బయటికొస్తుంది. మట్టిని బాగా పిసకమని ఇప్పటికీ చెబుతాను, కానీ కారణం వేరు. మెత్తదనం అంతటా ఒకేలా లేకపోతే చక్రం మీద ముద్ద నడుమకి కుదరదు, బుడగ తగిలిన చోట వేలు జారుతుంది.

ఇప్పుడు బట్టీలో పెట్టే ముందు ప్రతి వస్తువునూ చెంపకి ఆనించి చూస్తాను. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే, మళ్లీ అర మీదకి. అన్నీ పాసైనా సరే, 80-90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు నిలిపి ఆ తర్వాతే వేడి పెంచుతాను. ముద్ద ఏనుగులైతే పొట్ట కింద చెంచాతో తోడి బోలు చేయిస్తాను. పిల్లలకి ఏనుగు చెయ్యడం కన్నా ఆ తోడడమే సరదా.

అపోహ: సహజ రంగులంటే భయం లేదు, కెమికల్ రంగులతోనే ప్రమాదం

ఎరుపునిచ్చే ఇంగిలీకం భూమిలో దొరికే ఖనిజమే, అందులో ఉన్నది పాదరసం. పసుపునిచ్చే హరిదళం కూడా ప్రకృతి ఇచ్చిందే, అందులో ఆర్సెనిక్ ఉంది. రంగు ఎక్కడ పుట్టిందన్నది కాదు, అందులో ఏముంది, అది ఒంట్లోకి ఏ దారిన వెళ్తుంది అన్నది చూడాలి. కుంచెను నోట్లో పెట్టి మొన తీర్చే అలవాటు ఏ రంగుతోనూ మంచిది కాదు.

నన్ను అడిగితే వర్క్‌షాపు గదిలో అసలు ప్రమాదాలు రంగుల సీసాల్లో కాదు, శుభ్రం చేసే దగ్గర ఉంటాయి. మొదటిది చీపురు. ఎండిన బంకమట్టి పొడిలో సిలికా ఉంటుంది, కంటికి కనపడనంత సన్నగా. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. సాయం చేద్దామని ఎవరో పెద్దమనిషి చీపురు అందుకోగానే గదికి అటు చివరి నుంచి "వద్దండీ!" అని అరుస్తాను. పాపం, బిత్తరపోతారు. మా దగ్గర తడిగుడ్డతో తుడవడమే, ఊడవడం లేదు.

రెండోది నూనె గుడ్డలు. ఆయిల్ పెయింట్ బ్యాచ్ అయ్యాక అవిసె నూనె పీల్చిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే, అగ్గిపుల్ల గీయకుండానే అంటుకోవచ్చు. అవిసె నూనె ఆరడమంటే నీళ్లలా ఆవిరైపోవడం కాదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, ఆ కలయికలో వేడి పుడుతుంది. గుడ్డ పరిచి ఉంటే వేడి గాలిలో కలిసిపోతుంది, ఉండలో అయితే పేరుకుంటూ పోతుంది. అందుకే సింక్ పక్కన నీళ్లు పోసి మూత పెట్టిన ఇనప డబ్బా ఒకటుంటుంది. గదిలో అన్నిటికన్నా మురికిగా ఉండే వస్తువు అదే. దాన్ని పారెయ్యమని చెప్పనివాళ్లు లేరు.

అపోహ: ఎండ తగిలే గోడ బొమ్మకి మంచి చోటు

మంచి చోటే, కొన్నాళ్ల వరకు. కాగితం మీద వేసిన బొమ్మలకూ బట్టలకూ మ్యూజియంలు సాధారణంగా 50 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం) చాలనుకుంటాయి. నేరుగా పడే ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. చిత్రకారుడు వాన్ గో 1888లో వేసిన తన పడకగది బొమ్మలో గోడలు లేత ఊదా రంగని తనే ఉత్తరంలో రాశాడు. ఇప్పుడు చూస్తే నీలం. ఊదాలో కలిపిన ఎరుపు వెలుతురుకి తట్టుకోలేక పోయింది, నీలం మిగిలింది. కొనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఎండ నేరుగా పడని గోడకి వేలాడదీయండి, కిటికీకి ఎదురుగా మాత్రం వద్దు. రంగు ట్యూబు మీద లైట్‌ఫాస్ట్ రేటింగ్ (వెలుతురుకి ఆ రంగు ఎంత నిలుస్తుందో చెప్పే గుర్తు) చూసి కొనమని ఆర్టిస్టులకూ చెబుతుంటాను. సగం మంది వినరు. ఆ గులాబీ రంగు అంత బాగుంటుంది మరి.

అపోహ: స్థానిక ఆర్టిస్టులంటే పెద్ద గ్యాలరీల్లో చోటు దొరకనివాళ్లు

అన్నా మేరీ రాబర్ట్‌సన్ మోసెస్ అనే రైతు మహిళ డెబ్బై దాటాక బొమ్మలు మొదలుపెట్టింది. అంతకుముందు ఉన్నితో కుట్టుబొమ్మలు చేసేది, కీళ్లనొప్పులతో సూది పట్టడం కష్టమై కుంచె పట్టింది. 1938లో బొమ్మలు సేకరించే ఒకాయన కంటపడేనాటికి ఆమె బొమ్మలున్నది ఊళ్లో మందుల షాపు అద్దాల వెనక. 1940లో న్యూయార్క్‌లో సొంత ప్రదర్శన పెట్టేసరికి ఆమెకు ఎనభయ్యేళ్లు. మందుల షాపులో ఉన్నప్పుడూ అవే బొమ్మలు. అయితే మా గోడ మీద ఉన్నవాళ్లంతా రేపటి మోసెస్‌లని నేను అనను. కొన్ని బొమ్మలు బాగుంటాయి, కొన్ని బాగుండవు. చిరునామాతో దానికి సంబంధం లేదు, అంతే.

అపోహ: నేత, కుండలు, కుట్టుపని చేతిపనులే, కళ కాదు

బొమ్మల పక్కన నేత వేలాడదీస్తే "ఇదెందుకు ఇక్కడ?" అంటారు. జర్మనీలోని బౌహౌస్ అనే కళల స్కూల్లో ఆనీ ఆల్బర్స్ చేరింది 1922లో. ఆడవాళ్లని ఎక్కువగా నేత వర్క్‌షాపుకే పంపేవారు. ఆమె కూడా ఇష్టపడి వెళ్లలేదు. 1949లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆమె నేతకే ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. ఇంతకన్నా ఈ వాదన మీద టైమ్ పెట్టను.

అపోహ: గోడకి మేకు కొట్టినందుకు గ్యాలరీ అంత కమీషన్ తీసుకుంటుంది

కమర్షియల్ గ్యాలరీలు చాలా చోట్ల అమ్మకంలో సగం దాకా తీసుకుంటాయి, మాలాంటివి అంతకన్నా తక్కువ. తక్కువైనా కోపం కోపమే. ఆ మేకు సంగతి చెబుతాను. ప్రతి బొమ్మ మధ్యభాగం నేల నుంచి 145-150 సెంటీమీటర్ల ఎత్తున, నిలబడ్డ మనిషి చూపుకి రావాలి. ఒక్కో ఫ్రేముకి వెనక తీగ ఒక్కోలా వంగుతుంది. తీగ లాగి పట్టుకుని, పై అంచుకీ తీగకీ మధ్య ఎంతుందో కొలిచి, లెక్కేసి, అప్పుడు మేకు. నలభై బొమ్మలకు ఇద్దరికి ఒక రోజంతా పడుతుంది. ఇక లైట్లు, ఇన్సూరెన్స్, పేరుచీటీలు, అమ్ముడుపోని బొమ్మల్ని మళ్లీ కట్టి పంపడం. ఆ తర్వాత గోడకి పడ్డ చిల్లులు పూడ్చి రంగేయడం. కమీషన్ ఎక్కువ అనిపిస్తే తప్పకుండా అడగండి, కాగితం మీద రాయించుకోండి. నోటిమాట మీద బొమ్మలు ఇవ్వడం మాత్రం మానెయ్యండి. ఏ గ్యాలరీ అయినా సరే, మాదైనా సరే.

అపోహ: బొమ్మ కొన్నాను కాబట్టి దాంతో ఏమైనా చేసుకోవచ్చు

వేలాడదీసుకోవచ్చు, బహుమతిగా ఇవ్వొచ్చు, మళ్లీ అమ్ముకోవచ్చు. క్యాలెండర్ల మీదో కప్పుల మీదో ముద్రించి అమ్మకూడదు. ఆ కాపీరైట్ బొమ్మ వేసినవాళ్ల దగ్గరే ఉంటుంది, రాసిచ్చేస్తే తప్ప. రిజిస్టర్ చేయించకపోయినా సరే. కాపీరైట్ మీద 1886 నాటి బెర్న్ అంతర్జాతీయ ఒప్పందంలో ఉన్న దేశాల్లో బొమ్మ పుట్టడంతోనే ఆ హక్కూ పుడుతుంది. మా రసీదు వెనక ఈ ముక్క అచ్చు వేయించాక గొడవలు తగ్గాయి. ఫోన్లో ఫొటో తీసుకోవచ్చా అని అడిగేవాళ్లకి మా దగ్గర అభ్యంతరం లేదు. ఫ్లాష్ ఆపి, పక్కనున్న పేరుచీటీ కూడా పడేలా తీసుకోండి.