వర్ణాంధత్వం: అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో కళ్ళ పరీక్షలు చేస్తుంటాను. టంగుటూరు వైపు నుంచి ఒక పొగాకు రైతు కొడుకు డ్రైవింగ్ లైసెన్స్ మెడికల్ కోసం వచ్చాడు. వర్ణాంధత్వం ఉందో లేదో తేల్చడానికి రంగు చుక్కల్లో అంకెలు కనిపెట్టమనే ఇషిహారా పుస్తకంలో సగం పేజీలు చదవలేక టెన్షన్ పడిపోయాడు. "పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర ఆకు గ్రేడింగ్ నేనే చేస్తా మేడమ్. రంగులు తెలియకపోతే ఎలా చేస్తాను?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న.

అపోహ: వర్ణాంధత్వం ఉంటే లోకమంతా నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది.
వాస్తవం: అలా కనిపించే జబ్బు వేరు, చాలా అరుదు. మనం ఎక్కువగా చూసేది ఎరుపు, ఆకుపచ్చ తేడా తగ్గే రకం.

అపోహ: కంట్లో లోపముంటే మెదడు చేసేదేమీ లేదు.
వాస్తవం: ఇక్కడే అసలు విశేషం ఉంది. కంటి వెనక ఉండే రెటీనా పొరలో రంగులను పసిగట్టే ఎరుపు కోన్ కణాలు, ఆకుపచ్చ కోన్ కణాలు పంపే కబుర్లలోని తేడాను బట్టి మెదడు ఎరుపు, ఆకుపచ్చ రంగులు తేలుస్తుంది. తేలికపాటి లోపంలో ఆ రెండూ దాదాపు ఒకేలా స్పందిస్తాయి, తేడా బాగా సన్నబడుతుంది. ఆ లెక్కన రంగులు వెలవెలబోవాలి. కానీ చాలామందికి అంతగా వెలవెలబోవు. 2020 చివర్లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఇలాంటివాళ్ళ మెదడును ఎంఆర్ఐలో చూశారు. దృష్టి సమాచారం మొదట చేరే వీ1 భాగంలో రంగు సంకేతం బలహీనంగానే ఉంది. ఆ తర్వాతి వీ2, వీ3 భాగాల్లో మాత్రం మామూలువాళ్ళకు దగ్గరగా వచ్చింది. అందని శబ్దానికి రేడియో వాల్యూమ్ పెంచినట్టు మెదడు పెంచుకుంటోందన్నమాట. వాల్యూమ్ పెంచితే గరగర కూడా పెరుగుతుంది కదా! అందుకే రంగులు బాగానే కనిపిస్తున్నా, చుక్కల పుస్తకంలోని సన్నని తేడాలు దొరకవు.

ఒక రకం కోన్లు పూర్తిగా లేకపోతే పెంచడానికి సంకేతమే ఉండదు. వాళ్ళు వెలుగును, ఆనవాళ్ళను పట్టుకుని నెట్టుకొస్తారు. ఆకు గ్రేడింగ్‌లో కూడా చేతి స్పర్శ, మొక్కపై ఆకు ఉన్న చోటు సాయం చేస్తాయి.

అపోహ: రంగుటద్దాలు పెట్టుకుంటే నయమవుతుంది.
వాస్తవం: కొన్ని రంగుల మధ్య తేడాను పెంచుతాయి, అంతే. వేల రూపాయలు పోసే ముందు ఒకసారి పెట్టుకుని చూడండి.

అపోహ: లైసెన్స్ రాదు.
వాస్తవం: 2020 జూన్‌లో కేంద్రం నిబంధన మార్చింది. తేలికపాటి, మధ్యస్థ లోపం ఉన్నవాళ్ళకు ఇస్తారు. తీవ్రంగా ఉంటే ఇవ్వరు.

అపోహ: తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది.
వాస్తవం: ఈ జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉంటాయి. కొడుక్కి అది తల్లి నుంచే వస్తుంది. ఆమెకు రంగులన్నీ చక్కగా కనిపిస్తూనే ఉండొచ్చు.

రంగు బిళ్ళలు వరసగా పేర్చే పరీక్ష కూడా పెట్టాను. అబ్బాయిది తేలిక రకమే. మీ మేనమామకు ఇలా ఉందా అని అడిగితే కాసేపు ఆలోచించి, "ఆయన పండు మిరపకాయలు కోయడానికి ఎప్పుడూ అత్తనే పంపేవాడు మేడమ్" అన్నాడు.