సాయం పనిచేస్తోందా? తల్లుల కార్యక్రమాల పరీక్షపై అపోహలు - వాస్తవాలు

కష్టాల్లో ఉన్న గర్భిణులు, ఒంటరి తల్లులు, ఇంట్లో హింస భరిస్తున్న మహిళల కోసం నడిచే కార్యక్రమాలు నిజంగా పనిచేస్తున్నాయో లేదో తేల్చడం నా వృత్తి. "మీరొస్తున్నారంటేనే మాకు టెన్షన్" అని కార్యకర్తలు మొహం మీదే అంటుంటారు. ఆ టెన్షన్ వెనక ఉన్న అపోహలు కొన్ని.

అపోహ: చేరిన తల్లులు కోలుకున్నారు కదా, ఇంకా పరీక్షేమిటి?

వాస్తవం: ఎవరైనా సాయం కోసం వచ్చేది పరిస్థితి బాగా దిగజారినప్పుడే. ఆ తర్వాత కొంత దానంతటదే కుదుటపడుతుంది, ఆ ఘనత కార్యక్రమం ఖాతాలో పడుతుంది. పాకిస్తాన్ పల్లెల్లో డిప్రెషన్‌తో ఉన్న గర్భిణులపై జరిగిన ప్రయోగం ఫలితాలు 2008లో వచ్చాయి. కొన్నిచోట్ల లేడీ హెల్త్ వర్కర్లకు మాటలతో చేసే చికిత్స నేర్పారు. మిగతా చోట్ల ఆ శిక్షణ లేని వర్కర్లు కూడా అన్నేసార్లు ఇళ్లకు వెళ్లారు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి శిక్షణ ఉన్నచోట 23 శాతం, లేనిచోట 53 శాతం తల్లులు ఇంకా డిప్రెషన్‌లోనే ఉన్నారు. అంటే ఆ చికిత్స లేకుండానే దాదాపు సగం మంది బయటపడ్డారు. పోల్చి చూసే రెండో గుంపే లేకపోతే "77 శాతం మందిని మేమే బాగుచేశాం" అని రిపోర్టు రాసేసేవారు. చికిత్స వల్ల అదనంగా తేరుకున్నది నూటికి 30 మంది. నన్నడిగితే అది చాలా పెద్ద ఫలితం.

అపోహ: సగం మందికి సాయం ఆపి చూడటం అన్యాయం.

వాస్తవం: అందరికీ సరిపడా డబ్బు, మనుషులు ఉంటే ఈ మాట నిజమే. చాలాచోట్ల ఉండవు. అప్పుడు పలుకుబడి ఉన్నవాళ్లకు ముందు దక్కడం కంటే, చీటీలు తీసి ఎవరికి ముందో తేల్చడమే న్యాయం. రెండో గుంపుకు మామూలుగా అందే సేవలు ఆగవు. ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయని తెలిస్తే ఏ గుంపు అని చూడకుండా వెంటనే వైద్యం అందేలా చూస్తాం.

అపోహ: ఒకచోట ఫలించింది ఎక్కడైనా ఫలిస్తుంది.

వాస్తవం: తొలిసారి తల్లి కాబోతున్నవారి ఇంటికి నర్సులు వెళ్లే కార్యక్రమం అమెరికాలో మంచి పేరు తెచ్చుకుంది. ఇంగ్లండ్‌లో సుమారు 1,600 మంది టీనేజీ గర్భిణులతో పరీక్షిస్తే పొగతాగడం, బిడ్డ బరువు, రెండేళ్లలో మళ్లీ గర్భం, బిడ్డను అత్యవసరంగా ఆస్పత్రికి తీసుకెళ్లడం, ఈ నాలుగు విషయాల్లోనూ తేడా రాలేదు. అక్కడ మామూలు సేవలే గట్టిగా ఉండటం ఒక కారణం కావచ్చు.

అలాగని ఒక్క ఓటమితో కొట్టిపారేయకూడదు. తల్లీబిడ్డల ఆరోగ్యం గురించి మహిళా సంఘాలు పెట్టుకునే సమావేశాల వల్ల జార్ఖండ్, ఒడిశాలో నవజాత శిశు మరణాలు తగ్గాయని 2010లో తేలింది. అదే ఏడాది వచ్చిన బంగ్లాదేశ్ ఫలితాల్లో ప్రభావం కనబడలేదు. మనవైపు సుమారు 470 జనాభాకు ఒక సంఘం ఉంటే, అక్కడ 1,400కు ఒకటి. తర్వాత సంఘాల సంఖ్య పెంచితే బంగ్లాదేశ్‌లోనూ మరణాలు తగ్గాయి.

అపోహ: ఫారం పట్టుకుని వెళ్లి అడిగితే నిజం చెబుతారు.

వాస్తవం: హింస గురించి అడిగేటప్పుడు గదిలో రెండేళ్లు దాటిన పిల్లలు కూడా ఉండకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. "ఆయన కోప్పడితే ఏం చేస్తారు?" అని అడుగుతుండగా భర్తో అత్తో లోపలికొస్తే, ప్రశ్నలడిగే మా కార్యకర్త కాగితం తిప్పి "పాపకు టీకాలన్నీ వేయించారా?" అంటుంది. అందుకోసమే ఇంకో ప్రశ్నల పత్రం దగ్గర పెట్టుకుంటాం.

ఇంకో చిక్కుంది. నమ్మకం కుదిరాక మహిళలు నోరు విప్పుతారు కాబట్టి, సాయం అందినచోట హింస కేసులు కాగితం మీద పెరిగినట్టు కనిపించవచ్చు. అది చూసి కార్యక్రమం ఆపేద్దామనే దాతలతో నాకు తరచూ వాదనే.