ఇంధన భద్రత: విశాఖ రాతి గుహల నుంచి వంటింటి సిలిండరు దాకా కొన్ని అపోహలు, వాస్తవాలు

పశ్చిమాసియాలో ఉద్రిక్తత తలెత్తిన ప్రతిసారీ మన దేశంలో ఎన్ని రోజులకు సరిపడే చమురు ఉందన్న ప్రశ్న ముందుకు వస్తుంది. ముడి చమురు నిల్వ, సరఫరా ప్రణాళిక పనిలో ఉన్నవాడిగా నేను గమనించినది ఏమిటంటే, చాలామంది ఇంధన భద్రతను ఒకే ఒక్క అంకెతో కొలుస్తున్నారు. ముడి చమురు, వంటగ్యాసు, సహజవాయువు, బొగ్గు అన్నవాటిలో ఒక్కొక్కదాని బలహీనత ఒక్కో చోట ఉంటుంది. ప్రభుత్వ విధానాన్ని కూడా ఇంధనం వారీగానే పరిశీలించాలి.

అపోహ: దిగుమతులు ఆగితే తొమ్మిదిన్నర రోజుల్లో దేశంలో చమురు అయిపోతుంది.

వాస్తవం: తొమ్మిదిన్నర రోజుల లెక్క ప్రభుత్వ వ్యూహాత్మక నిల్వలకు మాత్రమే సంబంధించినది. విశాఖపట్నంలో 13.3 లక్షల టన్నులు, మంగళూరులో 15 లక్షల టన్నులు, ఉడుపి జిల్లా పాదూరులో 25 లక్షల టన్నులు కలిపి మొత్తం 53.3 లక్షల టన్నుల ముడి చమురు పట్టే భూగర్భ గుహలు మనకు ఉన్నాయి. ఇవి పూర్తిగా నిండి ఉంటే, 2019-20 నాటి వాడకం ప్రకారం తొమ్మిదిన్నర రోజులకు సరిపోతాయి. చమురు కంపెనీల దగ్గరుండే 64.5 రోజుల నిల్వ సామర్థ్యాన్ని కలిపితే, ప్రభుత్వం చెప్పే 74 రోజుల లెక్క వస్తుంది.

అయితే ఆ 74ను కూడా జాగ్రత్తగా చదవాలి. అది సామర్థ్యమే తప్ప, ఏ రోజుకు ఆ రోజు చేతిలో ఉన్న సరుకు కాదు. పైగా కంపెనీల నిల్వలో కొంత భాగం పైపులైన్లను నింపి ఉంచడానికి, కొంత భాగం ట్యాంకుల అడుగున తోడలేని మట్టంగా ఎప్పుడూ ఉండిపోతుంది. అంతర్జాతీయ ఇంధన సంస్థ తన సభ్యదేశాల నిల్వలను లెక్కించేటప్పుడు ఈ కారణంగానే పది శాతం తీసివేస్తుంది. సభ్యదేశాలు 90 రోజుల నికర దిగుమతులకు సమానమైన నిల్వ ఉంచాలన్నది ఆ సంస్థ నిబంధన. 2017లో అనుబంధ దేశంగా చేరిన భారత్‌కు ఆ నిబంధన వర్తించదు. ప్రైవేటు కంపెనీలు సైతం నిర్ణీత రోజుల నిల్వను తప్పనిసరిగా ఉంచాలని చెప్పే చట్టం జపాన్‌లో 1975 నుంచీ ఉంది. అటువంటి ప్రత్యేక చట్టం మనకు లేకపోవడం, నా దృష్టిలో, గుహల కొరత కన్నా పెద్ద లోటు.

విశాఖ గుహ గురించి మరో భయం తరచూ వినిపిస్తుంది: చమురు ఊరి భూగర్భ జలాల్లోకి ఇంకిపోతుందని. నిజానికి ఆ గుహకు లోపల ఉక్కు పొర ఏదీ ఉండదు, దానిని కాపాడేదే భూగర్భ జలం. గుహను నీటిమట్టానికి బాగా దిగువన తొలుస్తారు. చుట్టూ ఉన్న రాతి పగుళ్లలోని నీటి ఒత్తిడి, లోపలి చమురు ఆవిరి ఒత్తిడి కంటే ఎక్కువగా ఉండేలా చూస్తారు. అందువల్ల నీరే కొద్దికొద్దిగా లోపలికి ఊరుతుంది కానీ చమురు బయటికి పోదు, ఊరిన నీటిని తోడి శుద్ధి చేస్తారు.

అపోహ: ధరలు పెరిగినప్పుడు నిల్వలు తీస్తే పెట్రోలు చౌకవుతుంది.

వాస్తవం: 2021 నవంబరులో అమెరికా, జపాన్ తదితర దేశాలతో కలిసి భారత్ 50 లక్షల బ్యారెళ్ల విడుదలను ప్రకటించింది. అది మన ఒక రోజు వాడకానికి దగ్గరి పరిమాణం. పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణను 2010లో, డీజిలు ధరపై 2014లో ఎత్తివేశారు. బంకులో మనం చెల్లించే ధరలో కేంద్ర ఎక్సైజు సుంకానికీ, రాష్ట్రాల వ్యాట్‌కూ పెద్ద వాటా ఉంది. నిల్వల అసలు ప్రయోజనం సరఫరా తెగినప్పుడే. అయితే కొనే సమయంలో మాత్రం లాభం ఉంటుంది. 2020 ఏప్రిల్, మే నెలల్లో సగటున బ్యారెల్ 19 డాలర్లకే కొని గుహలు నింపడంతో దాదాపు 5,000 కోట్ల రూపాయలు ఆదా అయ్యాయని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది.

అపోహ: దేశంలో దొరికే ఇంధనం సురక్షితం, దిగుమతి చేసుకునేది ప్రమాదకరం.

వాస్తవం: దీనికి సమాధానం గోదావరి జిల్లాలవారికి అనుభవంలోనే ఉంది. తీరానికి ఆవల సముద్రంలో ఉన్న కృష్ణా-గోదావరి బేసిన్ డీ6 బ్లాకులో (గ్యాసు క్షేత్రంలో) 2009 ఏప్రిల్‌లో గ్యాసు ఉత్పత్తి మొదలై, 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది, ఆ తరువాత వేగంగా పడిపోయింది. గ్యాసు వినియోగ విధానం ప్రకారం ఎరువుల కర్మాగారాలకు ప్రాధాన్యం ఉండడంతో, 2013 నాటికి విద్యుత్ కేంద్రాలకు ఆ గ్యాసు పూర్తిగా ఆగిపోయింది. వేమగిరి, కొండపల్లి వంటి చోట్ల వేల కోట్లతో కట్టిన యంత్రాలు గ్యాసు లేక నిలిచిపోయాయి. ఒకే స్వదేశీ క్షేత్రం మీద ఆధారపడడం కూడా ప్రమాదమే. దీనికి భిన్నంగా, 2022కు ముందు మన ముడి చమురు దిగుమతుల్లో రెండు శాతం ప్రాంతంలో ఉన్న రష్యా వాటా 2023 నాటికి మూడో వంతు దాటింది. అనేక దేశాల నుంచి కొనగలగడం, అనేక రకాల ముడి చమురును శుద్ధి చేయగల రిఫైనరీలు ఉండడం వల్లే ఆ మార్పు సాధ్యమైంది.

అపోహ: సౌర విద్యుత్తు పెరిగితే చమురు దిగుమతులు తగ్గుతాయి.

వాస్తవం: మన విద్యుదుత్పత్తిలో చమురు వాటా దాదాపు శూన్యం కాబట్టి సౌర విద్యుత్తు ప్రధానంగా బొగ్గునే తగ్గిస్తుంది. చమురు తగ్గాలంటే రవాణా మారాలి. రైలు మార్గాల విద్యుదీకరణ, విద్యుత్ వాహనాలు, పెట్రోలులో ఇథనాల్ కలపడం ఆ పని చేస్తాయి.

అపోహ: వంటగ్యాసుకూ ముడి చమురుకు ఉన్నంత రక్షణ ఉంది.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. మనం వాడే వంటగ్యాసులో సుమారు 60 శాతం దిగుమతి. అందులో అధిక భాగం గల్ఫ్ దేశాల నుంచి హోర్ముజ్ జలసంధి అనే ఇరుకైన సముద్ర మార్గం గుండా వస్తుంది. 2016లో మొదలైన ఉజ్వల పథకం కోట్లాది పేద ఇళ్లను కట్టెల పొగ నుంచి తప్పించింది, అది మంచి పని. కానీ వాడకం పెరిగిన స్థాయిలో నిల్వలు పెరగలేదు. విశాఖపట్నంలో వంటగ్యాసు కోసం విడిగా ఉన్న భూగర్భ గుహ సామర్థ్యం 60,000 టన్నులు, దేశపు రోజువారీ వాడకం 80,000 టన్నులకు పైనే. ఆ గుహ కూడా వాణిజ్య అవసరాల కోసం కట్టినదే. గ్యాసును ద్రవరూపంలో ఉంచాలంటే ఒత్తిడి కావాలి, దానిని నీటితో అదుపు చేయాలంటే గుహను మరింత లోతున తొలవాలి, ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గర విషయం ఆగిపోకూడదు. 2021లో ఆమోదం పొందిన చండీఖోల్ (ఒడిశా), పాదూరు రెండో దశ గుహల 65 లక్షల టన్నులూ ముడి చమురుకే కేటాయించినవి. వంటగ్యాసుకు కూడా రోజుల లెక్కన ఒక లక్ష్యాన్ని, దానికి కేంద్ర బడ్జెట్ నుంచి నిధులను విడిగా ప్రకటించాలి.