గుర్తుపట్టడం నేర్చిన కణాలు

2012 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ల పాపకు ఆమె సొంత రక్తకణాలనే మందుగా ఎక్కించారు. కీమోథెరపీ చేసినా రెండుసార్లు తిరగబెట్టిన లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఆమెది.

వైరస్ సోకిన కణాలను పసిగట్టి చంపే టీ కణాలు మన నెత్తురులో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. క్యాన్సర్ కణాన్ని చంపే సత్తా కూడా వాటికుంది. చిక్కల్లా గుర్తుపట్టడంలోనే. అది మన ఒంట్లో పుట్టిన కణమే కదా, పరాయిదిలా కనిపించదు. అందుకే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కార్ల్ జూన్ బృందం పాప టీ కణాలను బయటికి తీసి, హాని చేయకుండా మార్చిన వైరస్‌తో వాటిలోకి ఒక కొత్త జన్యువును పంపింది. దాంతో కణం పైపొర మీద కొత్త గ్రాహకం, అంటే గుర్తుపట్టి అతుక్కునే ప్రోటీన్, ఏర్పడింది. ఆమె లుకేమియా కణాల మీద ఉండే సీడీ19 అనే ప్రోటీన్ తగిలితే చాలు, టీ కణం ఆ కణాన్ని పట్టుకుని చంపేస్తుంది. ఇదే కార్-టీ చికిత్స.

కణాలు ఎక్కించాక పాపకు విపరీతమైన జ్వరం వచ్చింది. వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది. టీ కణాలు ఒక్కసారిగా విజృంభిస్తే రోగనిరోధక కణాలు విడుదల చేసే సైటోకైన్లు అనే సంకేత ప్రోటీన్లు వెల్లువెత్తి ఒళ్లంతా అతలాకుతలం చేస్తాయి. పరీక్షల్లో ఐఎల్-6 అనే సైటోకైన్ మితిమీరి కనిపించింది. దాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే కీళ్లవాతం మందు గురించి జూన్‌కు ముందే తెలుసు, ఆయన కూతురికీ ఆ జబ్బే ఉండటం వల్ల. ఆ మందు పడగానే పాప కోలుకోవడం మొదలైంది. సొంత బిడ్డ జబ్బు కోసం తెలుసుకున్న సంగతి ఇంకొకరి బిడ్డ ప్రాణం నిలబెట్టిందని తలచుకుంటే ఇప్పటికీ నా కళ్లు చెమరుస్తాయి.

సీడీ19 యాంటీబాడీల తయారీకి మూలమైన ఆరోగ్యకరమైన బి కణాల మీద కూడా ఉంటుంది. వాటినీ ఈ చికిత్స తుడిచిపెట్టేస్తుంది. అయినా బయటి నుంచి యాంటీబాడీలు ఇస్తూ మనిషిని కాపాడుకోవచ్చు. ఊపిరితిత్తిలోనో కాలేయంలోనో గడ్డకట్టిన కణితికి ఆ వెసులుబాటు లేదు. అక్కడ తప్పు గుర్తును ఎంచుకుంటే పోయేది ఆ అవయవమే. పైగా కణితి తన చుట్టూ చేరిన టీ కణాలను నీరసపరుస్తుంది. ఈ చికిత్స రక్త క్యాన్సర్లలో గెలిచినంతగా గడ్డల్లో గెలవకపోవడానికి ముఖ్య కారణాలు ఇవే.

ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ శాస్త్రవేత్తల కృషితో తయారైన కార్-టీ మందు నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి వచ్చింది. అమెరికాలో 2017లో వచ్చిన తొలి కార్-టీ మందు ధర 4,75,000 డాలర్లు. మనది దాదాపు అందులో పదో వంతు. అయినా లక్షల్లోనే ఉంది, ఎందుకంటే ఏ రోగి మందు ఆ రోగి కణాలతోనే విడిగా తయారు చేయాలి.