ద్రవ కార్బన్ డయాక్సైడ్‌తో డ్రై క్లీనింగ్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇది గ్యాసు ఉతుకు. బట్ట తడవనే తడవదు.

తడుస్తుంది. "డ్రై" అంటే నీళ్లు వాడరని అర్థం, అంతే. పాత పద్ధతిలో బట్టలు పెర్క్ అనే క్లోరిన్ ద్రావకంలో మునుగుతాయి, ఇక్కడ ద్రవ కార్బన్ డయాక్సైడ్‌లో మునుగుతాయి. మామూలు గాలి ఒత్తిడిలో ఇది ద్రవంగా నిలవదు. బాగా చల్లబరిస్తే గ్యాసు నేరుగా గడ్డకట్టి డ్రై ఐస్ అవుతుంది. ద్రవం కావాలంటే కనీసం 5.2 బార్ల ఒత్తిడి ఉండాలి (ఒక బారు అంటే దాదాపు మామూలు గాలి ఒత్తిడంత). 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరైతే 57 బార్లు కావాలి. మెషిన్లు సాధారణంగా 10 నుంచి 20 డిగ్రీల మధ్య, 45 నుంచి 57 బార్ల దగ్గర నడుస్తాయి.

దీన్నే కొందరు "సూపర్‌క్రిటికల్" (ద్రవానికీ గ్యాసుకూ తేడా చెరిగిపోయే స్థితి) అని ప్రచారం చేస్తుంటారు. ఆ స్థితి రావాలంటే 31 డిగ్రీలు, 74 బార్లు రెండూ దాటాలి. కాఫీ గింజల్లోంచి కెఫీన్ తీసేది అలా. బట్టలకు అంత అవసరం లేదు.

అపోహ: 50 బార్ల ఒత్తిడికి బట్టలు నలిగి పీలికలవుతాయి.

ఒత్తిడి అన్ని వైపుల నుంచీ సమానంగా పడుతుంది, దారం పోగుల మధ్యలో కూడా అదే ఒత్తిడి. నలిపే శక్తి ఎక్కడా ఉండదు. దెబ్బతినేవి గాలి బంధించి ఉన్న వస్తువులు: లోపల డొల్లగా ఉండే బొత్తాలు, జేబులో మరచిపోయిన వాచీ, పెన్ను. జేబులు వెతకడం ఏ పద్ధతిలోనైనా తప్పదు, ఇక్కడ రెండుసార్లు వెతకాలి.

అపోహ: రసాయనాలు అక్కర్లేదు, ఎలాంటి మరకైనా పోతుంది.

ఈ రంగంలో అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. నిజం చెప్పాలంటే కార్బన్ డయాక్సైడ్ గొప్ప ద్రావకమేమీ కాదు. తేలికపాటి నూనెను కరిగించుకుంటుంది. పెర్క్ జిడ్డును లాగేసినంత బలంగా లాగలేదు. ఉప్పు, చక్కెర, చెమట, రక్తం దానికి అసలు లొంగవు. దాని బలం చొరబడటంలో ఉంది. తలతన్యత నామమాత్రం, చిక్కదనం నీటిలో పదో వంతు కూడా లేదు. అందుకే పోగు లోపలిదాకా వెళ్లి, పొగ వాసన లాంటివి బాగా లాగుతుంది.

మురికిని విడదీసే పని డిటర్జెంట్‌ది. మామూలు డిటర్జెంట్లు ఇందులో కరగవు. 1990ల్లో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ డిసైమన్ బృందం దీనిలో పనిచేసే సర్ఫాక్టెంట్లను, అంటే డిటర్జెంట్‌లో మురికిని విడదీసే పదార్థాలను, రూపొందించింది. 1997లో ఆ పనికి అధ్యక్షుడి పేరిట ఇచ్చే గ్రీన్ కెమిస్ట్రీ పురస్కారం దక్కింది. నేటికీ డిటర్జెంట్ లేని సైకిల్ సగం పనే.

మట్టి, మసి లాంటి పొడి మురికి ఇంకో తలనొప్పి. దాన్ని వదిలించేది కరగడం కాదు, దెబ్బ. పెర్క్ సాంద్రత లీటరుకు 1.62 కిలోలు, ద్రవ కార్బన్ డయాక్సైడ్‌ది 15 డిగ్రీల దగ్గర సుమారు 0.82. ఇంత తేలికైన, పల్చని ద్రవం పోగులకు ఇచ్చే రాపిడి తక్కువ. డ్రమ్ము కిక్కిరిసేలా బట్టలు వేస్తే ఆ కాస్త రాపిడీ ఉండదు, తెల్లవి బూడిదరంగు తిరిగి బయటికొస్తాయి. బట్ట పైకెళ్లి పడటానికి చోటుండాలి.

నీటిలో కరిగే మరకలను మెషిన్లో వేయకముందే చేత్తో తీయాలి. కింద శోషించే గుడ్డ పరిచి, మరకను బోర్లించి, వెనకవైపు నుంచి చల్లటి నీళ్లు, తటస్థ డిటర్జెంట్ అద్దాలి. రుద్దకూడదు. తర్వాత పూర్తిగా ఆరబెట్టాలి. ఆరిందో లేదో అరచేతి వెనకవైపు ఆనించి చూస్తే తెలుస్తుంది, చల్లగా తగిలితే తడి ఉన్నట్టే. ద్రవ కార్బన్ డయాక్సైడ్ తనలో కరిగించుకునే నీరు బరువులో సుమారు వెయ్యో వంతు మాత్రమే. 100 కిలోల ద్రవంలో 100 గ్రాములు. మిగిలిన తడి బట్టలోనే ఉండి కార్బానిక్ ఆమ్లమై, పీహెచ్ 3 దగ్గరికి దిగుతుంది. రంగు పాకడం, ముడతలు, ఒక్కోచోట మంచు కట్టడం అన్నిటికీ మూలం ఇదే.

ఒక మేలు మాత్రం ఒప్పుకోవాలి. వేడి గాలితో ఆరబెట్టే దశ లేదు కాబట్టి, పొరపాటున మిగిలిపోయిన మరక ఉడికి అతుక్కుపోదు. మళ్లీ ప్రయత్నించవచ్చు.

అపోహ: ఉతుకు అయ్యాక గ్యాసు ఎంత త్వరగా వదిలితే అంత లాభం.

ద్రవం తోడేశాక డ్రమ్ము ఖాళీ అనుకుంటారు. 15 డిగ్రీల దగ్గర, 50 బార్లలో ఆ గ్యాసు సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 160 కిలోలు. అంటే 300 లీటర్ల డ్రమ్ములో ఇంకా 48 కిలోలు ఉంటుంది! కంప్రెసర్ దాన్ని ట్యాంకులోకి లాగి 5 బార్ల దాకా దించితే మిగిలేది 3 కిలోలు. అదొక్కటే బయటికి పోవాలి.

తొందరపడితే మూడు చోట్ల దెబ్బ. ద్రవం పూర్తిగా తోడకుండా ఒత్తిడి 5.2 బార్ల కిందికి జారితే మడతల్లో డ్రై ఐస్ కట్టి, బట్టలు కర్రల్లా బయటికొస్తాయి. కొన్ని ప్లాస్టిక్ బొత్తాలు గ్యాసును పీల్చుకుని ఉంటాయి, అది బయటపడే దారి లేక లోపలే బుడగలై పగులుతాయి. తలుపు ఓ-రింగుల (గ్యాసు కారకుండా ఆపే రబ్బరు వలయాల) కథా అదే: పైకి బాగానే కనబడతాయి, కోసి చూస్తే లోపల బొబ్బలు. నెమ్మదిగా దించుతూ, డ్రమ్ముకు కాస్త వేడి అందిస్తే ఇవేవీ రావు.

అపోహ: ఇది భూమిని వేడెక్కించే గ్యాసు కదా, పర్యావరణానికి మేలేంటి?

దీనికోసం కొత్తగా ఏమీ కాల్చరు. అమ్మోనియా కర్మాగారాల్లో, పులియబెట్టే పరిశ్రమల్లో ఉపఉత్పత్తిగా వచ్చేదాన్నే పట్టి వాడతారు. కంప్రెసర్‌కు కరెంటు ఖర్చు మాత్రం నిజమే.

అపోహ: సోడాలో ఉండే గ్యాసే, ప్రమాదమేముంది?

మంటలేదు, క్యాన్సర్ భయం లేదు. ఊపిరి విషయం వేరు. ఒక కిలో ద్రవం గ్యాసైతే సుమారు 540 లీటర్లు. పైన చెప్పిన 3 కిలోలు బయటికి కాకుండా 50 ఘనపు మీటర్ల గదిలోకే వస్తే గాలిలో సుమారు 3.2 శాతం అవుతుంది. ఎనిమిది గంటల పనికి పరిమితి 0.5 శాతం, కొద్ది నిమిషాలకైతే 3 శాతం, 4 శాతాన్ని వెంటనే ప్రాణాపాయం కలిగించే స్థాయిగా లెక్కిస్తారు. ఆక్సిజన్ మీటరు ఉందిగా అని ఊరుకుంటే మోసపోతారు: 4 శాతం దగ్గర కూడా అది 20 శాతం చూపిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ సెన్సరే కావాలి. ఈ గ్యాసు గాలికి ఒకటిన్నర రెట్లు బరువు, అందుకే సెన్సర్‌ను నేలకు దగ్గరగా బిగించాలి.

రెండు వాల్వుల మధ్య పైపులో ద్రవం చిక్కుకుంటే కొద్దిపాటి వేడికే ఒత్తిడి ఎగబాకుతుంది. అలాంటి ప్రతి ముక్కకూ రిలీఫ్ వాల్వు (ఒత్తిడి మించితే తనంతట తెరుచుకునేది) ఉండి తీరాలి. ఒత్తిడి ఉండగా తలుపు తెరుచుకోకుండా ఆపే ఇంటర్‌లాక్‌ను ఎన్నడూ బైపాస్ చేయకండి. 60 సెంటీమీటర్ల తలుపు వెనక ఒక్క బారు మిగిలినా, అది నెట్టే బలం దాదాపు 2.9 టన్నులు.

తలుపు తెరిచాక డ్రమ్ములో నిండి ఉండేదీ ఆ గ్యాసే. అడుగున చిక్కుకున్న సాక్సు కోసం తల లోపల పెట్టకండి. చెయ్యి అందకపోతే ముందు ఫ్యానుతో గాలి ఊదండి.