గుండీలున్నా విప్పలేని గౌను

పోలండ్ రచయిత స్టానిస్లావ్ లెమ్ 1961లో రాసిన ‘సోలారిస్’ నవలలో నన్ను ఇప్పటికీ వదలనిది ఒక గౌను. సోలారిస్ గ్రహం మీది పరిశోధన కేంద్రానికి వెళ్లిన కెల్విన్ దగ్గరికి, ఏళ్ల కిందట ఆత్మహత్య చేసుకున్న భార్య హేరీ వస్తుంది. ఆ గ్రహాన్ని కమ్ముకున్న సముద్రం అతని మనసులోంచి ఆమెను తయారుచేసి పంపింది. చేతి మీద సూది గుచ్చిన మచ్చ కూడా ఉంది. కానీ గౌను మాత్రం విప్పడానికి రాదు. గుండీలు అలంకారానికే, కత్తిరించాల్సిందే. భార్య గౌను చూడ్డానికి ఎలా ఉండేదో కెల్విన్‌కు గుర్తుంది, ఎలా తొడుక్కునేదో గుర్తు లేదు. సముద్రం మాత్రం ఏం చేస్తుంది?

పోయినవాళ్ల మెసేజీలు, వాయిస్ నోట్లు ఇస్తే వాళ్లలాగే మాట్లాడే చాట్‌బాట్లు ఇప్పుడు వచ్చేశాయి. ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి అవి వాక్యాలు అల్లుతాయి. కాసేపటి రికార్డింగ్ ఉంటే చాలు, ఆ గొంతుతో ఏ వాక్యమైనా పలికిస్తాయి. మెసేజీల్లో లేని సంగతి అడిగినా నమ్మేలా ఏదో ఒకటి చెప్పేస్తాయి. అదిగో, అక్కడే ఆ గుండీలు.

తిరుపతి కొర్లగుంటలో మా మేనత్త రోజూ పడుకునే ముందు, పోయిన మామ వాయిస్ నోటు ఒకటి వింటుంది. “ఏమ్మే, గాంధీ రోడ్డులో ఉండా. మల్లెపూలు తెచ్చేదా?” వెనక ఆటో హారన్, మధ్యలో చిన్న దగ్గు. ఇంకా ఎన్నాళ్లు వింటావని చుట్టాలు విసుక్కుంటారు. విననీయండి. డాక్టర్ డ్యూయీ రీస్ వేల్స్‌లో భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి 1971లో ఒక వ్యాసం ప్రచురించాడు. దాదాపు సగం మందికి పోయిన మనిషి పక్కనే ఉన్నట్టు అనిపించడమో, కనిపించడమో, వినిపించడమో జరిగింది. చాలామంది ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు కూడా.

ఇప్పుడు బావ ఆ గొంతుతో కొత్త మాటలు పలికించే యాప్ పెడతానంటున్నాడు. నా టెన్షన్ అంతా దాని గురించే. జ్ఞాపకం గుర్తొచ్చినప్పుడల్లా కాసేపు మెత్తబడి, మెదడులో మళ్లీ కొత్తగా గట్టిపడుతుందని 2000లో మెదడు శాస్త్రవేత్తలు కరీమ్ నాదర్, గ్లెన్ షాఫే, జోసెఫ్ లెడూ ఎలుకల్లో చూపించారు. ఒక శబ్దమంటే భయపడేలా నేర్పిన ఎలుకలకు ఆ శబ్దాన్ని మళ్లీ వినిపించి, వెంటనే మెదడులో భయం సంగతి చూసే అమిగ్డలా అనే భాగంలో ప్రొటీన్ల తయారీని మందుతో ఆపితే, తర్వాత ఆ భయం బాగా తగ్గిపోయింది. శబ్దం వినిపించకుండా అదే మందు ఇస్తే భయం అలాగే ఉంది. మనుషుల సంగతికొస్తే, తర్వాత విన్న మాటలు పాత జ్ఞాపకంలో కలిసిపోతాయని మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లోఫ్టస్ 1970ల నుంచీ ప్రయోగాలతో చూపిస్తూనే ఉంది.

పాత నోటు ఎన్నిసార్లు విన్నా అందులో ఉన్నది మామ అన్న మాటే. రాత్రికో కొత్త వాక్యం వింటూ పోతే, ఏడాది తిరిగేసరికి ఏది మామ అన్నది, ఏది యాప్ అల్లింది అత్త ఎలా విడదీసుకుంటుంది? మల్లెపూల మాట కూడా ఆ గుంపులో పడిపోతుంది.

అందుకే బావతో గట్టిగానే చెప్పాను. ముందు ఆ నోట్లన్నీ తేదీలతో సహా ఉన్నవి ఉన్నట్టు ఇంకో రెండు చోట్ల కాపీ చేసి పెట్టు. యాప్ ఎలా పనిచేస్తుందో అత్తకు అర్థమయ్యేలా చెప్పు, ఆ తర్వాతే అడుగు. ఆమె వద్దంటే వద్దు.