బోరు కింద పంట: ఊళ్లలో నేను వినే అపోహలు, అసలు లెక్కలు

నెలకోసారి అనంతపురం వైపు ఊళ్లలో బోర్లలోకి టేపు దించి నీటి మట్టం కొలవడం నా పని. టేపు చివర నీళ్లు తగలగానే పైన బజర్ మోగుతుంది. ఆ చప్పుడుకి పక్క పొలాల వాళ్లు ఒకరిద్దరు వచ్చి నిలబడతారు. "ఎంతకు పోయింది సార్?" అని మొదలయ్యే మాటల్లో ఎప్పుడూ వచ్చేవి ఇవే.

అపోహ: వానలు లేకనే నీళ్లు పోయినాయి. పంటదేముంది?

వాస్తవం: వాన తక్కువన్నది నిజమే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది. అందులో మా గ్రానైటు నేలల్లో కిందికి ఇంకేది పదో వంతు, అటూ ఇటూగా 55 మిల్లీమీటర్లు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే సుమారు 4,000 లీటర్లు. ట్యాంకర్ల లెక్కలో చెబితే అందరికీ తెలుస్తుంది: 5,000 లీటర్ల ట్యాంకర్లతో ఎకరానికి ఏడాదంతా ఇంకేది 44. రబీలో ఎకరం వరికి మనం తోడేది 1,200 మిల్లీమీటర్ల దాకా, అంటే 960 ట్యాంకర్లు. మీ ఒక్క ఎకరం మడి కోసం 22 ఎకరాల మీద పడిన వాన ఇంకాలి. అదే శెనక్కాయకు 400 ట్యాంకర్లు చాలు. అది కూడా తక్కువేం కాదు, తొమ్మిది ఎకరాల నీళ్లు. అందుకే ఆరుతడి పంట అయితే చాలు, ఎంతైనా వేసుకోవచ్చని నేనెప్పుడూ చెప్పను.

అపోహ: మడిలో పెట్టిన నీళ్లు మళ్లీ కిందికే దిగుతాయి కదా.

వాస్తవం: ఇలా అడిగే రైతంటే నాకిష్టం, ఆలోచించి అడిగాడు. దిగుతాయి. మా లెక్కల్లోనూ 40 శాతం దాకా తిరిగి ఇంకినట్టే పట్టుకుంటాం. అది తీసేసినా ఎకరం వరికి 13 ఎకరాల వాన కావాలి. నీటి మట్టం లోతుకు పోయేకొద్దీ ఆ తిరిగొచ్చే భాగం కూడా తగ్గుతుంది.

అపోహ: డ్రిప్పు పెట్టాం, ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: డ్రిప్పుతో ఆవిరీ వృథా తగ్గుతాయి. మొక్క తాగేది తాగుతూనే ఉంటుంది. నేను ఎక్కువగా చూసేదేమిటంటే, రెండెకరాలు పారే బోరుకు డ్రిప్పు వేయగానే సాగు నాలుగెకరాలవుతుంది. దిగుబడి పెరుగుతుంది, సంతోషమే. కానీ మోటారు నడిచే గంటలు మాత్రం తగ్గవు. వ్యవసాయానికి 2004 నుంచి కరెంటు ఉచితం, మోటారుకు ఆటో స్టార్టర్. కరెంటు వస్తే దానంతటదే ఆడుతుంది, ఆపాల్సిన అవసరం ఎవరికీ కనపడదు.

అపోహ: వరి మానేసి చీనీ (బత్తాయి) తోట పెడితే సేఫ్.

వాస్తవం: వానల్లేని ఏడాది మడిని బీడు పెట్టొచ్చు. తోటకు ఆ వీలు లేదు. ఆరేడేళ్లు పెంచిన చెట్టు కళ్లముందు ఎండిపోతుంటే ఏ రైతూ లెక్కలు చూసుకోడు. ట్యాంకర్లు తోలిస్తాడు, అప్పు చేసి ఇంకో బోరు వేస్తాడు. రాతి నేలలో వెయ్యి అడుగులు పోయినా నీళ్లుండే పగులు తగలకపోతే వచ్చేది దుమ్మే. తోట పెట్టే ముందు బోరులో ఇవాళ ఎన్నించుల నీళ్లున్నాయని కాదు, గత కరువులో మే నెలలో ఎన్నించులు వచ్చాయో గుర్తు చేసుకోండి.

అపోహ: రైతుకు తెలియకనే వరి వేస్తున్నాడు.

వాస్తవం: ఈ అపోహ రైతులది కాదు, మా బోటి జీతగాళ్లది. వరికి మద్దతు ధర ఉంది, ఇంటికి తిండి గింజలు, ఎనుములకు గడ్డి వస్తాయి. నీటి లెక్క రైతుకు చెప్పక్కర్లేదు, చేతికిస్తే తనే వేస్తాడు. 2000ల్లో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో ఏపీఫామ్స్ (APFAMGS, రైతులే భూగర్భ జలాలను చూసుకునే) ప్రాజెక్టు చేసింది అదే. రైతులే వాన కొలిచారు, బోర్లు కొలిచారు, రబీకి ముందు కూర్చుని ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు.

ఈమధ్య ఒక ఊళ్లో అలాగే రచ్చబండ మీద సుద్దముక్కతో లెక్క వేశాం. తిండికి ఇంటికి అరెకరం వరి, మిగతాది శెనక్కాయ అని చాలామంది ఒప్పుకున్నారు. "కాయ ఊరేలోపే అడవి పందులు తవ్వేస్తాయి, కంచె డబ్బు ఎవరిస్తారు సార్?" అని ఒకాయన అడిగాడు. మీటింగు అక్కడ ఆగింది, ఇంకా అక్కడే ఉంది.